యాభై ఏళ్ళ ‘సార్జెంట్ పెప్పర్’ పెట్టె కొనాలా వద్దా: నెల్లూరు క్యాసెట్ షాపాయన జవాబు

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "అన్నా, మా నాన్న దగ్గర బీటిల్స్ వాళ్ళ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఎల్పీ ఉంది, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన పాత ప్లేటు. 2017లో వచ్చిన యాభై ఏళ్ళ సూపర్ డీలక్స్ పెట్టె ఒకాయన అమ్ముతానంటున్నాడు. మా గ్రూపులో సగం మంది కొత్త మిక్స్ అద్భుతం అంటారు, మిగతా సగం పాటల్ని పాడు చేశారంటారు. ఎవరి మాట నమ్మాలి? కొనమంటారా?"

కొనండి. కానీ పాతదాని బదులు కాదు, పాతదానికి తోడుగా. ఎందుకంటే ఆ పెట్టెలో ఆరు డిస్కులున్నా 1967 నాటి అసలు స్టీరియో మిక్స్, అంటే గొంతులు, వాద్యాలు ఎడమ కుడి స్పీకర్లకి పంచి కూర్చింది, మాత్రం లేదు. మీ చెవికి అలవాటైంది అదే అయితే, పెట్టె ఇంటికొచ్చాక మీరు వెతుక్కునేది అందులో దొరకదు. అది కావాలంటే 2009 రీమాస్టర్ సీడీ విడిగా కొనుక్కోవాలి.

గ్రూపులో ఎవరి మాట నమ్మాలి అంటారా, ఇద్దరిదీ నమ్మొచ్చు. వాళ్ళు పోట్లాడుకుంటున్నది ఒకే వస్తువు గురించి కాదు. సగం గొడవ అక్కడే ఉంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా, లేకపోతే ఈయనెవరు చెప్పడానికి అనుకుంటారు. 1982లో నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో రికార్డింగ్ సెంటర్ పెట్టాను. మీరు పాటల లిస్టు రాసిచ్చి ఖాళీ క్యాసెట్ ఇస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చే షాపు. తొంభై శాతం తెలుగు, తమిళ సినిమా పాటలే. బాలు గారి ఊరు కదా, ఇంకేం ఎక్కిస్తాం! ఇంగ్లీషు పాటలు నా సొంత పిచ్చి. నెలకోసారి రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగితే పక్కనే మూర్ మార్కెట్. పాత ప్లేట్లు గుట్టలుగా పోసి ఉండేవి. సార్జెంట్ పెప్పర్ నాకు అక్కడే దొరికింది. అట్ట చిరిగి, పక్కన ఎవరో పెన్నుతో లెక్కలు వేసి ఉంది. 1985లో ఆ మార్కెట్ కాలిపోయిన వార్త చదివి రెండు రోజులు షాపు తెరవలేదు. ఇప్పుడు షాపు లేదు. పాత క్యాసెట్లు, ప్లేట్లు తెచ్చిన వాళ్ళకి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తుంటాను.

ముందు మాటల తేడా తేల్చుకుందాం. రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు. రీమాస్టర్ అంటే ఇల్లు అట్లాగే ఉంచి సున్నం వేయడం, దూలాలకి రంగు పూయడం. రెండు చానళ్ళ మాస్టర్ టేపు తీసుకుని శుభ్రం చేసి, ఎత్తుపల్లాలు సరిచేస్తారు. గొంతు ఎటు ఉందో అటే ఉంటుంది. రీమిక్స్ అంటే గోడలు కొట్టి గదులు మార్చడం. విడివిడిగా ఉన్న ట్రాకులు తెచ్చి, డ్రమ్ములు ఎంత, గొంతు ఎక్కడ అని మళ్ళీ మొదటినుంచీ కూర్చడం. 2009లో వచ్చింది సున్నం, 2017లో జరిగింది గోడలు కొట్టడం. అట్ట ఒకటే కాబట్టి జనం రెండిటినీ "కొత్త వెర్షన్" అనేస్తారు. మీ గ్రూపులో "పాడు చేశారు" అన్నాయన ఏది విని అన్నాడో అడిగి చూడండి. చాలాసార్లు ఆయనకే తెలియదు.

ఇప్పుడు 2017లో గోడలు ఎందుకు కొట్టారో చెప్తాను. నాకు ఈ ఆల్బంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది, కాస్త ఓపిక పట్టండి.

1966 నవంబరు నుంచి 1967 ఏప్రిల్ దాకా లండన్ ఈఎంఐ స్టూడియోలో దీన్ని నాలుగు ట్రాకుల మిషను మీద చేశారు. నాలుగంటే నాలుగే. డ్రమ్స్, గిటారు, పియానో, బేస్ అయ్యేసరికి టేపు నిండిపోతుంది. మరి గొంతులు, బాకాలు, వయొలిన్లు ఎక్కడ పెట్టాలి? నాలుగింటినీ కలిపి ఇంకో మిషన్లో ఒకటో రెండో ట్రాకుల్లోకి దించుతారు. మిగిలిన ట్రాకులు ఖాళీ అవుతాయి కదా, వాటిలో కొత్తవి ఎక్కిస్తారు. దీన్నే బౌన్స్ అంటారు. ఒకసారి కలిపాక డ్రమ్స్ తగ్గించాలన్నా గిటారు పెంచాలన్నా కుదరదు. పైగా దించిన ప్రతిసారీ టేపు రొద ఒక పొర పెరుగుతుంది.

ఇది పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు, నా చేతులు కాలాయి. ఒక దసరాకి ఒక చీరల షాపు వాళ్ళు మైకు ప్రచారం అడిగారు. రిక్షాకి హారన్ కట్టి ఊరంతా తిప్పుతారే, అది. నా దగ్గర రెండే డెక్కులు, ఒక చిన్న మిక్సరు. ముందు హార్మోనియం, తబలా రికార్డు చేశాను. అది ప్లే చేస్తూ ఆడగొంతు కలిపి రెండో డెక్కులోకి ఎక్కించాను. దాన్ని మళ్ళీ ప్లే చేస్తూ మగగొంతు, చివర గంటలు. మూడో దింపుడికి వచ్చేసరికి "పట్టుచీరలు" అన్న మాట రొదలో మునిగింది, హార్మోనియం మాత్రం పైకి తేలింది. ఓనరు విని, "హార్మోనియం కొంచెం తగ్గించు సామీ" అన్నాడు. అంత చిన్న పని! కానీ దానికి మొదటినుంచీ మళ్ళీ చేయాల్సిందే. ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చేశాను. గొంతు ఇచ్చిన అమ్మాయి వాళ్ళ నాన్న బయట అరుగు మీద కునికిపాట్లు పడుతూ కూర్చున్నాడు.

ఈఎంఐ వాళ్ళకి, నాకు ఉన్న తేడా ఏంటంటే వాళ్ళు బౌన్స్ చేశాక కూడా మొదటి టేపుల్ని దాచిపెట్టారు. నేను డబ్బు మిగులుతుందని అదే క్యాసెట్ మీద ఇంకొకటి ఎక్కించేవాడిని. 2017లో బీటిల్స్ పాటల ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్, ఇంజినీర్ శామ్ ఒకెల్ ఆ మొదటి టేపుల దాకా వెనక్కి వెళ్ళారు. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కలిపి, బౌన్స్‌కి ముందున్న శబ్దంతో మిక్స్ చేశారు. కొత్తదాంట్లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో డ్రమ్స్ ఎదురుగా కూర్చుని వాయించినట్టు వినపడటానికి కారణం అదే. ఏదో మాయ సాఫ్ట్‌వేర్ పెట్టి డ్రమ్స్ పెంచేశారు అనేవాళ్ళ మాట తప్పు.

మరి "పాడు చేశారు" అనేవాళ్ళ బాధ ఏంటి? అదీ ఊరికే పుట్టింది కాదు. 1967లో బీటిల్స్, జార్జ్ మార్టిన్ శ్రద్ధ పెట్టింది మోనో మిక్స్ మీద, అంటే అంతా ఒకే చానల్లో వచ్చేది. ఇంగ్లండులో అప్పటికి ఎక్కువ ఇళ్ళలో ఉన్నది మోనో ప్లేయర్లే. స్టీరియోని తర్వాత కొద్ది రోజుల్లో, బ్యాండ్ వాళ్ళు పక్కన లేకుండానే ముగించారు. అందుకని రెండిటికీ తేడాలు మిగిలాయి. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మోనోలో కొంచెం వేగంగా, శ్రుతి పైకి ఉంటుంది. స్టీరియోలో నెమ్మదిగా, బరువుగా సాగుతుంది. జైల్స్ కొత్త స్టీరియోకి మోనోనే దారిచూపుగా పెట్టుకున్నాడు. ఆ పాట వేగం కూడా మోనో వేగమే. అంటే యాభై ఏళ్ళు స్టీరియో విన్నవాళ్ళకి ఆ పాట ఒక్కసారిగా పరుగెత్తినట్టు ఉంటుంది. నాకూ మొదట అట్లాగే అనిపించింది, ఎవరో తరుముతున్నట్టు. నాలుగైదు సార్లు విన్నాక ఇప్పుడు పాతదే ఈడ్చినట్టుంది. చెవి ఎంత నమ్మదగ్గదో చూడండి.

ఆ కాలపు స్టీరియో అంటే గుర్తొచ్చింది. అప్పట్లో గొంతంతా ఒక పక్కకి, వాద్యాలన్నీ ఇంకో పక్కకి తోసేసేవాళ్ళు. 1965 ఆల్బం ‘రబ్బర్ సోల్’ స్టీరియో ప్లేటులో చాలా పాటలు అంతే: గొంతు కుడి, వాద్యం ఎడమ. ఒక ఇంగ్లీషు లెక్చరర్ గారికి అది క్యాసెట్లో ఎక్కించి ఇచ్చాను. మూడో రోజు కోపంగా వచ్చారు. "సగం పాటే ఎక్కించావయ్యా, పాడేవాడు లేడు" అన్నారు. షాపులో పెడితే బాగానే పాడుతోంది. సరే చూద్దామని సాయంత్రం మూలపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. స్పీకరు బాక్సు ఒకటి హాల్లో ఉంది. రెండోది వైరు లాగి వంటింట్లో అటక మీద పెట్టించుకున్నారు, అమ్మగారు భక్తిరంజని వింటారని. సార్ హాల్లో కూర్చుని గిటారు వింటుంటే గొంతంతా వంటింట్లో మోగుతోంది. అమ్మగారు పోపు వేస్తూ, "ఈ అబ్బాయి ఒట్టి గొంతుతోనే భలే పాడుతున్నాడే" అన్నారు.

హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్ళకి పాత స్టీరియో ఇట్లాగే ఇబ్బంది పెడుతుంది. కొత్త మిక్స్ గొంతుని, డ్రమ్స్‌ని మధ్యకి తెచ్చింది. మీరు ఎక్కువగా ఇయర్‌ఫోన్స్‌లో వింటారంటే 2017దే మీకు నచ్చుతుంది, పందెం.

ఏది బాగుందో తేల్చే ముందు వాల్యూమ్ సమానం చేయండి. అభిమానుల పోట్లాటల్లో ఈ ఒక్క పని ఎవరూ చేయరు. రెండు పాటల్లో ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు చెవి చెప్తుంది. నాకు ఇది నేర్పింది మా ఎదురు షాపాయన. మేమిద్దరం ఒకే పాట ఎక్కిస్తే జనం ఆయన క్యాసెట్‌లో దమ్ముందనేవాళ్ళు. ఒకరోజు ఎవర్నో పంపి ఆయన క్యాసెట్ కొనిపించి నా డెక్కులో పెట్టాను. లెవెల్ మీటరు ముల్లు ఎర్రగీత దాటి అక్కడే నిలబడింది, కిందికి రావడమే లేదు. ఓహో ఇదా సంగతి అని నేనూ లెవెల్ పెంచాను. ఆయన ఇంకా పెంచాడు. ఒకరి మీద పంతంతో ఒకరం ఆరు నెలలు అట్లా పెంచుకుంటూ పోయాం. చివరికి హై నోట్ వచ్చినప్పుడల్లా క్యాసెట్లో కరకర. పైగా ‘ఎకో రికార్డింగ్’ అని బోర్డు కూడా పెట్టాను, సిగ్గు లేకుండా.

పెద్ద కంపెనీలు సీడీల మీద చేసింది కూడా ఇదే. మెటాలికా 2008 ఆల్బం ‘డెత్ మాగ్నెటిక్’ మీద అభిమానులే తిరగబడ్డారు, ఎత్తుపల్లాలు అణిచేసి మోత అంత పెంచేశారని. సార్జెంట్ పెప్పర్ 2017 అంత ఘోరం కాదు గానీ, పాత సీడీ కన్నా గట్టిగానే మోగుతుంది. కాబట్టి ఇట్లా చేయండి. ఒకే పాట రెండు వెర్షన్లూ పెట్టి, గట్టిగా ఉన్నదాన్ని గొంతు సమానమయ్యే దాకా తగ్గించండి. ఏది ఏదో చెప్పకుండా ఇంకొకరిని మార్చమనండి. మా బావమరిది ఎప్పుడూ పాత మిక్సే గొప్పదని వాదించేవాడు. ఇట్లా వినిపిస్తే ఐదుసార్లలో నాలుగుసార్లు కొత్తదాన్నే ఎంచుకున్నాడు. అప్పటినుంచి ఆ సంగతి ఎత్తడు.

దీనికి డబ్బు ఖర్చేం లేదు. స్ట్రీమింగ్‌లో మామూలు ఆల్బం పక్కన రీమాస్టర్డ్ 2009 అని, డీలక్స్ పాటల పక్కన 2017 మిక్స్ అని రాసి ఉంటుంది. పెట్టెకి అడ్వాన్స్ ఇవ్వకముందే ఒక వారం వినండి.

ఇక పెట్టెలో ఏముందో చూద్దాం. నాలుగు సీడీలు, ఒక డీవీడీ, ఒక బ్లూరే, గట్టి అట్టతో ఒక పుస్తకం. మొదటి సీడీ కొత్త స్టీరియో. రెండు, మూడు సీడీలు స్టూడియోలో చేసిన టేకులు. నాలుగోది మోనో. డీవీడీ, బ్లూరేలలో 5.1 మిక్స్, 1992 నాటి డాక్యుమెంటరీ ఉంటాయి, ఇంట్లో ఐదు స్పీకర్లు లేకపోతే 5.1 దండగే. ఆల్బంలో చేర్చకుండా ముందే సింగిల్‌గా, అంటే విడి ప్లేటుగా, వదిలేసిన ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’, ‘పెన్నీ లేన్’ కూడా ఇందులో ఉన్నాయి. రెండు సీడీల చిన్న సెట్టు కూడా ఒకటి వచ్చింది, కానీ అందులో మోనో లేదు. నా దృష్టిలో ఆ పెద్ద పెట్టెకి పెట్టే డబ్బు నాలుగో సీడీకి, మూడో సీడీకి.

మోనో ఎందుకో చెప్పాను. మూడో సీడీ ఎందుకంటే, ‘వితిన్ యూ వితౌట్ యూ’ పాటకి లండన్‌లోని మన భారతీయ వాద్యగాళ్ళని కూర్చోబెట్టి బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ ఏం వాయించాలో పాడి చూపించే ముక్క ఒకటి ఉంది. మన ఊళ్ళో హరికథ మొదలయ్యే ముందు దాసుగారు పక్క వాద్యం అబ్బాయికి వరస చెప్తారే, అచ్చం అదే. ఇంకోటి, ‘ఎ డే ఇన్ ద లైఫ్’ చివర నలభై సెకన్లకి పైగా సాగే ఆ పియానో మోత. అక్కడ మొదట పెట్టాలనుకున్నది పియానో కాదు, అందరూ కలిసి గొంతుతో ‘మ్‌మ్’ అనడం. ఆ టేకు రెండో సీడీలో ఉంది. వింటే ఎందుకు పక్కన పెట్టారో వెంటనే తెలిసిపోతుంది. పియానో మోత తగ్గేకొద్దీ రికార్డింగ్ లెవెల్ పెంచుకుంటూ పోయారు కాబట్టి చిట్టచివర ఒక కుర్చీ కిర్రుమనడం కూడా పడింది. మా షాపులో సీలింగ్ ఫ్యాను కింద ముప్పై సార్లు విన్నా ఆ కిర్రు నాకు ఎప్పుడూ వినపడలేదు. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం బ్యాటరీల మీద క్యాసెట్ పెడితే అప్పుడు దొరికింది.

"టేకులన్నీ చెత్త, డబ్బులు గుంజడానికి" అనేవాళ్ళూ ఉంటారు. కొన్ని నిజంగానే ఒకసారి విని వదిలేసేవి. కానీ బిట్రగుంట నుంచి ఒక కుటుంబం వాళ్ళ అవ్వ గొంతు ఉన్న క్యాసెట్ తెచ్చారు, లాలిపాటలు పాడిన క్యాసెట్. ఉప్పుగాలి, తేమ కలిసి టేపు మీద తెల్లటి బూజు. రెండు రోజులు తుడిచి ఎక్కించాను. రొద బాగా తీసేశాను, మొదట్లో పాట కాని ముక్క కోసేశాను. పనితనం చూపించానని నా సంతోషం. విని వాళ్ళు మొహాలు చూసుకున్నారు. గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది అన్నారు. తర్వాత పెద్దకూతురు అడిగింది, "మొదట్లో అవ్వ ‘ఎర్రలైటు వెలిగిందా?’ అని అడుగుతుంది కదండీ, అదేమైంది?" అని. నేను కోసి పారేసింది అదే. అదృష్టం, క్యాసెట్ ఇంకా నా దగ్గరే ఉంది. మళ్ళీ ఎక్కించాను, ఈసారి ఏదీ తీయకుండా.

ఇంకో జాగ్రత్త. కొత్త మిక్స్ వచ్చాక పాతది దొరకకుండా పోయిన సందర్భాలున్నాయి. అమెరికా బ్యాండ్ జెడ్‌జెడ్ టాప్ తొలి ఆల్బమ్స్‌ని 1987లో సీడీలకి రీమిక్స్ చేసినప్పుడు ఆ కాలపు ఫ్యాషన్ డ్రమ్స్ మోత దట్టించారు. అసలు మిక్స్ సీడీ మీద రావడానికి ఏళ్ళు పట్టింది. ‘రా పవర్’ ఆల్బంని 1997లో ఇగ్గీ పాప్ తానే రీమిక్స్ చేశాడు, గాయకుడే చేస్తే ఇంక అడిగేదేముంది అనుకుంటాం కదా. చెవులు చిల్లులు పడే మోత. 2010లో పాత మిక్స్‌ని మళ్ళీ తేవాల్సి వచ్చింది. దీనికి ఎదురుగా ఇంగ్లండు బ్యాండ్ జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’ ఉంది. మొదటినుంచీ శబ్దం మసకగా ఉన్న ఆల్బం, 2011లో స్టీవెన్ విల్సన్ రీమిక్స్‌తో తేటపడింది. కాబట్టి రీమిక్స్ అనగానే ఎగరక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఎవరు చేశారు, పాతది ఇంకా దొరుకుతోందా, ఈ రెండు చూసుకోండి చాలు.

అమ్మేవాడి దగ్గర పెట్టె విప్పించి ఆరు డిస్కులూ లెక్కపెట్టుకోండి. నాలుగో సీడీ వేరేవాళ్ళకి అప్పిచ్చి మర్చిపోయిన పెట్టెలు ఉంటాయి. విదేశం నుంచి తెప్పిస్తే మాత్రం కస్టమ్స్ డ్యూటీ కలిపి లెక్క వేసుకోండి.

ఆఖరికి మీ నాన్నగారి ప్లేటు. మీ ప్రశ్నలో అసలు సరుకు అదే. ముందు లేబుల్ మీద నంబరు చూడండి. పీఎంసీ 7027 అని ఉంటే మోనో, పీసీఎస్ 7027 అని ఉంటే స్టీరియో. మోనో అయితే, గీతలు పెద్దగా లేకపోతే, పెట్టెలో మెచ్చుకున్న నాలుగో సీడీ సంగతి సగం మీ ఇంట్లోనే ఉన్నట్టు. అప్పుడు పెద్ద పెట్టె మానేసి రెండు సీడీల సెట్టుతో సరిపెట్టుకోవచ్చు. స్టీరియో అయితే పాత ఫియెస్టా లాంటి ప్లేయర్ల మీద మాత్రం పెట్టకండి. ఆ ముల్లు బరువుకి స్టీరియో గాడి దెబ్బతింటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సోపు వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవనివ్వకండి. ఆరాక గూట్లో నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగుతాయి. లేబుల్ రెండు వైపులా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ప్లేటు పరిస్థితి చూసి ఏ సెట్టో చెప్తాను. ఈలోగా ఆయనకి అడ్వాన్స్ ఇవ్వొద్దు.